పటం గీయకముందే అడగాలి

(వరంగల్‌లో పేదల ఇండ్లు, బస్తీల బాగు, ప్రజల మాట: కాళోజీ స్మారకోపన్యాసం పాఠం)



కాళోజీ నారాయణరావు గారి పేరు మీద మాట్లాడేవాళ్లు ఆయనను పొగిడి కూర్చుంటే సరిపోదు. వినేవాళ్లను కొంచెం ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటైనా సభ ముందు ఉంచాలి. 1914లో పుట్టి 2002లో కన్నుమూసిన ఆయన బతుకులో ఎక్కువ భాగం ఈ హనుమకొండ, వరంగల్ వీధుల్లోనే గడిచింది. నిజాం సర్కారు ఆయనను ఈ నగరం నుంచే బహిష్కరించింది. సర్కార్లు మారినా పాలకులను నిలదీసే అలవాటు ఆయన మానలేదు. ఆ అలవాటును కాస్త అరువు తెచ్చుకుని ఇవాళ ఒక విషయం మాట్లాడతాను. ఈ నగరంలో పేదలు ఎక్కడ ఉండాలో, ఎలాంటి ఇంట్లో ఉండాలో, వాళ్ల వాడ ఎట్లా మారాలో తేల్చేది ఎవరు? ఆ తేల్చే పనిలో వాళ్ల మాట ఏ దశలో వింటున్నారు? వింటున్నారా లేదా అని నేను అడగడం లేదు. వినే ఏర్పాటు ఏదో ఒకటి కాగితం మీద ఎప్పుడూ ఉంటుంది. ముహూర్తం పెట్టి, శుభలేఖలు పంచి, ఆఖరున పిల్లను ఇష్టమేనా అని అడిగినట్టు, మన నగర ప్రణాళికల్లో జనాన్ని అడిగే ఘట్టం చిట్టచివర వస్తోంది. నా వాదనంతా ఈ వరుస తారుమారు కావాలన్నదే.

ముందు నగరం కొలతలు చూద్దాం. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన ఈ మూడు ఊళ్ల నగరంలో 2013లో చుట్టూ ఉన్న 42 గ్రామాలు కలిశాయి. 2015లో గ్రేటర్ హోదా వచ్చింది. విస్తీర్ణం 400 చదరపు కిలోమీటర్లు దాటింది, జనాభా 8 లక్షలు దాటింది, డివిజన్లు 66 అయ్యాయి. ఇంత నగరాన్ని కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనం 'కుడా' అని పిలిచేది, 1970ల నాటి మాస్టర్ ప్లాన్‌తోనే నడుపుతూ వచ్చింది. 2041 దాకా చూపు సారించే కొత్త ముసాయిదా 2018లో బయటికి వచ్చింది. దానికి ప్రభుత్వ ఆమోదం 2024 నవంబరులో దక్కింది. మధ్యలో పోయిన ఆరేండ్లలో నగరం ఆగలేదు. వెంచర్లు పడ్డాయి, నాలాల మీద ఇండ్లు లేచాయి, రెండుసార్లు వరదలు వచ్చాయి. ఒక్క ఆరేండ్ల జాప్యం చాలు, ప్రజలను అడిగితే ఆలస్యమవుతుందనే వాదన ఎంత బలహీనమో చెప్పడానికి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ముసాయిదా మీద అభ్యంతరాలు పిలిచే పద్ధతిని కొంచెం దగ్గరగా చూడాలి. గెజిట్‌లో ప్రకటన వస్తుంది, పత్రికలో నోటీసు వస్తుంది, కార్యాలయంలో పటం పెడతారు. ఆ పటంలో ఊరంతా రంగుల ముక్కలు. పసుపు నివాస ప్రాంతం, పచ్చ ఖాళీగా ఉంచాల్సిన నేల, మీదుగా అడ్డంగా పోయే గీతలు రాబోయే రోడ్లు. అందులో తన ఇల్లు ఎక్కడుందో కనుక్కోవాలంటే సర్వే నంబరు తెలియాలి. పట్టా ఉన్నవాడికి సర్వే నంబరు తెలుస్తుంది. గుడిసె వేసుకున్నవాడికి, కిరాయికి ఉండేవాడికి ఆ నంబరుతో పనే పడదు. అంటే అభ్యంతరం చెప్పే హక్కు అందరికీ ఉన్నా, ఆ హక్కును వాడుకోవడానికి కావలసిన తాళంచెవి ఆస్తి ఉన్నవాళ్ల దగ్గరే ఉంది. కూలి అడ్డాకు పొద్దున్నే పోయే మనిషి పనిదినాన కార్యాలయానికి వచ్చి, పటం చదివి, కాగితం రాసి ఇచ్చి, రసీదు తీసుకుని పోతాడని అనుకోవడం అమాయకత్వం. ఇక ఇచ్చిన కాగితం ఏమైందో, ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు తోసిపుచ్చారో అతనికి తిరిగి చెప్పే ఆనవాయితీ మన దగ్గర దాదాపు లేదు.

ఇలా చివర్లో అడిగినందుకు ఏమవుతుందో మన కళ్ల ముందే జరిగింది. 2022లో ఔటర్ రింగు రోడ్డు చుట్టూ ల్యాండ్ పూలింగ్ కోసం 27 గ్రామాల్లో 21,510 ఎకరాలు సేకరిస్తామని 'కుడా' ప్రకటించింది. రైతులు రోడ్డెక్కారు, రాస్తారోకోలు చేశారు. ఆ వేసవిలోనే ప్రభుత్వం వెనక్కి తగ్గి దానికి ఆధారమైన 80ఎ జీవోను రద్దు చేసుకుంది. 2023 జనవరిలో కామారెడ్డి, జగిత్యాల మాస్టర్ ప్లాన్లకూ అదే గతి పట్టింది. కామారెడ్డిలో ఒక రైతు ప్రాణం పోయాక గానీ మున్సిపల్ కౌన్సిల్ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించలేదు. ఈ మూడు చోట్లా ప్రజాభిప్రాయం చివరికి గెలిచిందని సంతోషించవచ్చు. నేను సంతోషించలేను. గెలిచింది రోడ్డు మీద, ఉద్రిక్తతల మధ్య, పోయినవి పోయాక. పైగా గెలిచినవాళ్లు భూమి ఉన్న రైతులు. భూమి లేని బస్తీ జనానికి అంత బలగం దొరకదు. 2022లోనే మట్టెవాడ నిమ్మయ్య చెరువు దగ్గర శిఖం భూమిలో పేదలు గుడిసెలు వేసుకుంటే వాటిని పీకేశారు. ఆ జనానికి ఇండ్లు ఎక్కడ కట్టాలన్న చర్చ మాత్రం ఏ మాస్టర్ ప్లాన్‌లోనూ తెమలలేదు.

ఇప్పుడు ఇండ్ల సంగతి. 2015 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు వరంగల్‌లో రోజుల తరబడి మకాం వేసి బస్తీలు తిరిగారు, గుడిసెల చోటనే పక్కా ఇండ్లు కట్టిస్తామన్నారు. అదే ఏడాది దసరాకు డబుల్ బెడ్‌రూం పథకం రాష్ట్రమంతటా మొదలైంది. 560 చదరపు అడుగుల ఇల్లు, లబ్ధిదారు పైసా కట్టనక్కర్లేదు. ఉదారమైన పథకమే, అందులో సందేహం లేదు. హనుమకొండ బాలసముద్రంలోని అంబేద్కర్ నగర్‌లో గుడిసెలు తీయించి బహుళ అంతస్తుల ఇండ్లు కట్టారు. కట్టడం పూర్తయింది. అయినా అవి ఏండ్ల తరబడి తాళాలు వేసి ఉండిపోయాయి. పక్కనే రేకుల కింద జనం, ఎదురుగా ఖాళీ అపార్టుమెంట్లు. కారణం ఇటుక, సిమెంటు కొరత కాదు. ఎవరికి ఇవ్వాలన్న జాబితా తేలకపోవడం. గుడిసె తీసేనాటికే ఆ నేల మీద ఎవరెవరు ఉన్నారో, ఒక్కో గుడిసెలో ఎన్ని కుటుంబాలో, ఎవరు కిరాయికి ఉన్నారో నలుగురి ముందు చదివి, ఆ వాడవాళ్లతోనే సరే అనిపించి ఉంటే, తర్వాత వచ్చిన పంచాయితీలో సగం పుట్టేదే కాదు.

జాబితా తర్వాత రెండో ప్రశ్న ఇంటి రూపం. దర్రీలు నేసే కొత్తవాడను తీసుకుందాం. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు తెచ్చిన చేతులు గుంట మగ్గాల మీద పనిచేస్తాయి. గుంట మగ్గానికి నేల కావాలి, కాళ్లు పెట్టి తొక్కేందుకు గొయ్యి తవ్వాలి, పడుగు పరుచుకునే నిడివి ఉండాలి. మూడో అంతస్తులో 560 చదరపు అడుగుల గచ్చు మీద ఆ గొయ్యి ఎక్కడ తవ్వుతారు? మగ్గం పనివాడికి ఇల్లు ఇచ్చి పని తీసేసుకున్నట్టే. అలాగే తోపుడుబండి రాత్రిపూట పెట్టుకునే చోటు, మేకలు కట్టేసుకునే చోటు, ఇంటి ముందు చిన్న కిరాణం నడుపుకునే అరుగు. పేదవాడికి ఇల్లు ఉండే చోటు మాత్రమే కాదు, బతుకుదెరువు కూడా. ఒక్క నక్షాను రాష్ట్రమంతా అచ్చుకొట్టినప్పుడు ఈ తేడాలు కనిపించవు. హైదరాబాద్ పేదల కోసం కొల్లూరులో ఒకేచోట 15,660 ఇండ్లు కట్టారు. 2023లో ప్రారంభించారు. ఇండ్లు బాగున్నాయనే అందరూ అన్నారు, కానీ నగరం నడిబొడ్డున ఇండ్లలో పనిచేసుకుని బతికే మనిషికి అంత దూరం నుంచి రోజూ రాకపోకలు ఎట్లా అన్న ప్రశ్న నక్షాలో ఎక్కడా లేదు. ఆ ప్రశ్న అడగగలిగేది ఆ మనిషే.

ఇప్పుడున్న ఇందిరమ్మ ఇండ్ల పథకం ఈ విషయంలో ఒక మెట్టు ముందుకు వేసింది. 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైన ఈ పథకంలో సొంత జాగా ఉన్నవాళ్లకు 5 లక్షల రూపాయలు దశలవారీగా ఇస్తారు. ఇల్లు ఎవరిది వాళ్లే కట్టుకుంటారు కాబట్టి గుంట మగ్గానికి చోటు ఉంచుకోవచ్చు. 2025 జనవరిలో గ్రామసభలు, వార్డు సభలు పెట్టి పేర్లు చదివారు. ఆ సభల్లో చాలాచోట్ల రభస జరిగింది. పేర్లు రానివాళ్లు అధికారులను నిలదీశారు. ఆ రభసను చూసి సభలే దండగన్నవాళ్లున్నారు. నా లెక్కలో ఆ సభలు చేసిన మంచి అదే. తప్పు జాబితా కలెక్టరేట్ ఫైల్లో ఉండిపోయే బదులు వాడ మధ్యలో బయటపడింది. అయితే నగరానికి సంబంధించిన అసలు చిక్కు వేరేచోట ఉంది. దరఖాస్తులను మూడు జాబితాలు చేశారు. జాగా ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, జాగా కూడా లేనివాళ్లు ఎల్-2, మిగతావాళ్లు ఎల్-3. పల్లెలో ఎల్-1 పెద్దది. నగరంలో పేదలు ఎక్కువగా పడేది ఎల్-2లోనే. వాళ్లకు ఇల్లు కావాలంటే ముందు నేల చూపాలి. నేల ఎక్కడ అన్నది మళ్లీ మాస్టర్ ప్లాన్ ప్రశ్న. ఒక శాఖ జాబితా చదివి వినిపిస్తుంటే, ఇంకో సంస్థ పటం మీద రంగులు వేస్తోంది. ఆ రెండింటినీ ఒకే సభలో పక్కపక్కన పెట్టినప్పుడే ప్రజల మాటకు అర్థం ఉంటుంది.

బస్తీల బాగు పేరుతో జరిగే పనుల్లోనూ ఇదే లోపం. 2015లో హృదయ్ పథకం కింద దేశంలోని 12 వారసత్వ నగరాల్లో వరంగల్ ఒకటయింది. 2016లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. రోడ్లు, కూడళ్లు, భద్రకాళి బండ్ అందంగా తయారయ్యాయి. వద్దనేవారు లేరు. కానీ వాడ అందం పెరిగితే కిరాయి పెరుగుతుంది. సొంతిల్లున్నవాడికి అది లాభం, కిరాయి మనిషికి అది మూట కట్టుకోమని నోటీసు. ఖిలా వరంగల్‌లో ఇంకో రకం చిక్కు. కాకతీయుల కోటలో జనం తరతరాలుగా కాపురం ఉంటున్నారు. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ పైన 200 మీటర్లు నియంత్రణ. కీర్తితోరణాలు కాపాడుకోవాల్సిందే, ఆ నిబంధనతో నాకు గొడవ లేదు. కురిసే ఇంటి పైకప్పు బాగు చేసుకోవడానికీ అనుమతి కోసం తిరగాల్సిన కుటుంబానికి ఆ దారి సులువు చేయడం, కోట చూడవచ్చే యాత్రికుల మీద వచ్చే రాబడిలో దానికీ వాటా చూపడం, ఈ రెండూ ఆ జనంతో కూర్చుని తేల్చాల్సినవి. వాళ్లను అడ్డంకిగా చూసినంతకాలం కోటకు కాపలాదారులు దొరకరు.

ఇక ప్రజలను ముందే అడగాలన్న మాట మీద వచ్చే అభ్యంతరాలు. వాటిలో మొదటిది ఎన్నికైన ప్రతినిధులు ఉండగా మళ్లీ ఈ సభలెందుకన్నది. ఈ వాదనలో ఒక లొసుగు ఉంది. కార్పొరేటర్‌ను మనం ఎన్నుకుంటాం, నిజమే. కానీ మాస్టర్ ప్లాన్ గీసే 'కుడా' పాలకవర్గాన్ని మనం ఎన్నుకోం. స్మార్ట్ సిటీ పనులు నడిపినది కంపెనీ చట్టం కింద పెట్టిన సంస్థ. నగరం రూపాన్ని మార్చే పెద్ద నిర్ణయాలు ఎన్నికల పరిధి దాటి జరుగుతున్నప్పుడు ప్రతినిధులున్నారుగా అనడం ఎట్లా కుదురుతుంది? 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికనూ మురికివాడల అభివృద్ధినీ నగరపాలక సంస్థల పనుల పట్టికలో చేర్చింది, 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం ఇంకా ముందుకు పోయి, ప్రతి వార్డులో యువకులకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలని రాసింది. 66 డివిజన్లకు లెక్క కడితే 3,960 మంది. చట్టం ఇచ్చిన ఆ దాదాపు 4 వేల మందికి తమ డివిజన్ పటం ఒక్కసారైనా చూపించి మాట్లాడామా అన్నదే ప్రశ్న. కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నది నడిపితే చాలు.

రెండో అభ్యంతరం నైపుణ్యానిది. నీటిమట్టం, వాలు, పునాది బలం ఇంజనీర్లకు తెలుస్తాయి, బస్తీ జనానికేం తెలుసు అంటారు. 2020 ఆగస్టు వరదల్లో నయీంనగర్, సమ్మయ్యనగర్, హంటర్ రోడ్డు మునిగాయి. మంత్రి వచ్చి నాలాల మీద కబ్జాలు తొలగించమన్నారు. 2023 జూలైలో హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్ మళ్లీ మునిగాయి, బొందివాగు పొంగింది, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. నీళ్లు ఏ గల్లీ నుంచి వచ్చి ఎక్కడ నిలుస్తాయో, ఏ మోరీ ఎవరి గోడ కింద ఇరుకైందో అక్కడి ఆడవాళ్లకు తెలిసినంత ఏ సర్వేలోనూ ఉండదు. అయితే దీనికి ఒక హద్దు ఉంది, దాన్ని దాచిపెట్టడం తప్పు. చెరువు నిండు నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) గీతను ఓటింగుతో జరపలేం. నాలా మధ్యలో ఇల్లు ఉండనివ్వమని పదివేల మంది సంతకాలు పెట్టినా కుదరదు. కాబట్టి సభ మొదట్లోనే ఇది మార్చలేం, ఇది మీ చేతిలో ఉందని విడదీసి చెప్పాలి. ఇల్లు తీయక తప్పదన్నది మొదటి రకం. బదులు ఇల్లు ఎక్కడ, ఎప్పుడు, బడికి, పనికి ఎంత దూరంలో అన్నది రెండో రకం. రెండోదాన్ని జనం చేతికి ఇచ్చిన చోట మొదటిదాన్ని వాళ్లు ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

మూడోది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. సభ పెడితే గొంతు పెద్దగా ఉన్నవాడే మాట్లాడతాడు, కబ్జాదారు పది మందిని వెంటేసుకుని వస్తాడు, పార్టీ కార్యకర్తలే ప్రజలైపోతారు అంటారు. నిజమే, జరుగుతుంది. కానీ మూసిన గదిలో ఇంకా బాగా జరుగుతుంది. బలవంతుడికి సభ అవసరం లేదు, ఫోను చాలు. బలహీనుడికే సభ కావాలి. దీనికి మందు సభను ఎత్తేయడంలో లేదు, దాన్ని పెట్టే తీరులో ఉంది. సభ పనివేళల్లో కాకుండా పొద్దుగూకాక, బస్తీలోనే పెట్టాలి. కిరాయిదారులను, ఒంటరి మహిళలను పేరుపేరునా పిలవాలి. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ 'మెప్మా' కింద బస్తీ బస్తీకి మహిళా సమాఖ్యలున్నాయి, రిసోర్స్ పర్సన్లున్నారు. ఎవరింట్లో ఎవరు ఎన్నేండ్లుగా ఉన్నారో వాళ్లకు తెలుసు. వాళ్లు తయారుచేసిన జాబితాను అధికారులు సరిచూడాలి, ఇప్పటిలా తలకిందులుగా కాదు. ఆ జాబితా గోడమీద అతికించాలి. పేరు కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో పక్కనే రాయాలి.

ఇదంతా ఎక్కడా నడవని ఆదర్శమని అనుకోనక్కర్లేదు. మన హైదరాబాద్ నగరపాలక సంస్థలోనే 1967లో పట్టణ సామాజికాభివృద్ధి కార్యక్రమం మొదలైంది. బస్తీ కమిటీలతో, బాలవాడీలతో మొదలుపెట్టి, నమ్మకం కుదిరాక 1970ల నుంచి గుడిసెల చోట పక్కా ఇండ్ల పనికి దిగింది. చేతికి పట్టా, బ్యాంకు అప్పు, ఇంటి నమూనా మీద ఆ కుటుంబంతో సంప్రదింపు, కట్టుబడి వాళ్లదే. తర్వాతి కాలంలో వేరే దేశాలవాళ్లు వచ్చి చూసిపోయిన పద్ధతి అది. మనమే మరచిపోయాం. ఒడిశా 2017లో బస్తీవాసులకు భూమి హక్కు ఇచ్చే చట్టం చేసి, జాగా మిషన్ పేరుతో ప్రతి బస్తీలో సంఘాలు పెట్టించి, ఇంటింటి హద్దులు వాళ్ల ఎదుటనే గీయించింది. థాయ్‌లాండ్‌లో 2003 నుంచి నడుస్తున్న బాన్ మాన్‌కాంగ్ కార్యక్రమం బస్తీ సహకార సంఘానికే అప్పు ఇచ్చి, నేల వెతుక్కోవడం, లేఔట్ గీసుకోవడం వాళ్లకే వదిలింది. ఈ మూడు చోట్లా ఒక్కటే సామాన్యం: నిర్ణయం జరిగాక ఒప్పించే పని పెట్టుకోలేదు, నిర్ణయం తీసుకునేటప్పుడే కూర్చోబెట్టారు.

ఆలస్యం సంగతికి వస్తానన్నాను. అడగకుండా గీసిన ముసాయిదాకు ఆరేండ్లు పట్టింది. అడగకుండా ప్రకటించిన ల్యాండ్ పూలింగ్ ఒక్క వేసవి కూడా నిలవలేదు. అడగకుండా మొదలైన ఇండ్లకు తాళాలు పడ్డాయి. మిల్లు నేల చరిత్ర కూడా ఇంతే. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక దాని భూములు చేతులు మారాయి గానీ, కార్మికుల ఇండ్ల జాగాల పేచీ ఏండ్లకేండ్లు సాగింది. డివిజన్‌కు మూడు నాలుగు సభలు పెట్టడానికి కొన్ని నెలలు పడుతుంది. ఈ లెక్కల పక్కన ఆ కొన్ని నెలలు ఎక్కువ అనిపించుకోవు.

మాస్టర్ ప్లాన్ ఆమోదం పొందింది కాబట్టి ఇక చేసేదేముందని అనుకోవద్దు. పెద్ద పటం వచ్చాకనే చిన్న పటాల పని మొదలవుతుంది. ఏ వాడలో ఏ రోడ్డు ముందు వేయాలి, ప్రభుత్వ భూమిలో ఏ ముక్క ఎల్-2 వాళ్లకు కేటాయించాలి, నాలా వెడల్పులో ఎవరి ఇల్లు పోతుంది, వాళ్లు ఎక్కడికి పోతారు అన్నవి తేలాల్సింది ఇప్పుడే. అందుకే నాలుగు కోరికలు ఈ సభ తరఫున నగరపాలక సంస్థకు, 'కుడా'కు పంపాలని నా మనవి. డివిజన్ పటాన్ని తెలుగులో, సర్వే నంబర్లతో పాటు గల్లీ పేర్లతో, వార్డు కార్యాలయం గోడమీద పెట్టండి. టెండరు పిలవకముందే కనీసం రెండు ప్రత్యామ్నాయాలు వార్డు కమిటీల ముందు ఉంచండి. వచ్చిన ప్రతి సూచనకు ఒప్పుకున్నామనో, ఫలానా కారణంగా కుదరదనో రాతపూర్వకంగా జవాబివ్వండి. బదులు ఇంటి తాళంచెవి చేతిలో పెట్టనిదే ఏ పేదవాడి ఇల్లూ కూల్చకండి. వీటిలో ఏదీ ఖజానాను ఖాళీ చేసేది కాదు, ఏదీ చట్టానికి విరుద్ధం కాదు. అధికారులు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. అడగాల్సింది మాత్రం మనం, అడగాల్సిన సమయం పటం మీద రంగు ఆరకముందు.